1,260 కిలోమీటర్లకు రెండుంబావు గంటలా? విమాన దూరం, విమాన కాలం ఎందుకు పొంతన కుదరవు

హైదరాబాదు నుంచి ఢిల్లీ ఎంత దూరం అని ఫోనులో వెతికితే ఒక్క జవాబు రాదు. ఒకచోట 1,250 కిలోమీటర్లని ఉంటుంది. ఇంకోచోట 1,550కి పైనే అంటారు. రైలు వివరాలు చూస్తే 1,670 దగ్గర తేలుతుంది. చిత్రమేమిటంటే మూడూ నిజమే. మొదటిది ఆకాశంలో సూటి దూరం, రెండోది రోడ్డు, మూడోది రైలు పట్టాలు.

విమానం ఎంతసేపు పడుతుందన్న ప్రశ్న దగ్గర చిక్కు ఇంకాస్త ముదురుతుంది. టికెట్టు మీద సుమారు రెండుంబావు గంటలు ఉంటుంది. ఈ మార్గంలో ఎక్కువగా తిరిగే ఎయిర్‌బస్ ఎ320 రకం విమానం పైకెక్కాక గంటకు 830 కి.మీ. దరిదాపుల్లో పోతుంది. శంషాబాద్ నుంచి ఢిల్లీ విమానాశ్రయానికి సూటి దూరం 1,260 కి.మీ. భాగిస్తే గంటా ముప్పై ఒక్క నిమిషాలు వస్తుంది. మరి మిగతా ముప్పావు గంట ఎటు పోయింది?

ఆ ముప్పావు గంటను వెతుక్కుంటూ పోతే విమాన కాలం గుట్టంతా బయటపడుతుంది. దూరం భూగోళం చెప్పే సంగతి, దానికి ఎవరితోనూ పేచీ లేదు. టికెట్టు మీది సమయం మాత్రం విమాన సంస్థ వేసుకున్న అంచనా. అందులో ఇంజిన్ బలం వాటా మనం అనుకునేంత ఉండదు. గాలి, రన్‌వేల రద్దీ, దేశాల మధ్య తగాదాలు, వేళకు చేరుస్తామన్న పేరు నిలుపుకోవాలన్న సంస్థ జాగ్రత్త, ఇవన్నీ అందులో పాలుపంచుకుంటాయి.

ముందు దూరం సంగతి

రైలు దూరం ఎందుకు అంత ఎక్కువో పటం చూస్తే అర్థమవుతుంది. సికింద్రాబాదు దాటిన తెలంగాణ ఎక్స్‌ప్రెస్ నేరుగా ఉత్తరానికి తిరగదు. ముందు తూర్పుగా కాజీపేట దాకా పోయి, అక్కడ మళ్ళి రామగుండం, బల్లార్షా మీదుగా నాగపూర్ చేరుతుంది. తర్వాత భోపాల్, ఝాన్సీ, ఆగ్రా. రోడ్డుకు ఆ చుట్టు లేదు. 44వ జాతీయ రహదారి కామారెడ్డి, నిర్మల్, ఆదిలాబాద్‌ల మీదుగా నాగపూర్‌కు దాదాపు నిటారుగా ఎక్కుతుంది. అందుకే రోడ్డు రైలుకంటే వంద కిలోమీటర్ల వరకు తక్కువ.

ఆకాశ దూరం లెక్క కాగితం మీద వేసుకోవచ్చు, ఈ రెండు నగరాల విషయంలోనైతే మరీ సులువు. రెండూ ఇంచుమించు ఒకే రేఖాంశం మీద ఉన్నాయి: శంషాబాద్ 78.4 డిగ్రీల తూర్పు, ఢిల్లీ విమానాశ్రయం 77.1. అక్షాంశాల తేడా 11.3 డిగ్రీలు. ఒక్కో డిగ్రీకి 60 నాటికల్ మైళ్ళు, ఒక నాటికల్ మైలు 1.852 కి.మీ. గుణిస్తే 1,256 వస్తుంది. అడ్డంగా ఉన్న కొద్దిపాటి తేడా కలిపినా 1,260 చుట్టుపక్కలే. విమానాలు, ఓడలు నేటికీ నాటికల్ మైళ్ళలోనే లెక్క చూసుకోవడానికి కారణం ఈ సౌకర్యమే. భూమి కొలతలోంచే ఆ మైలు పుట్టింది.

నగరం నుంచి నగరానికి కొలిస్తే 1,250, విమానాశ్రయం నుంచి కొలిస్తే 1,260. శంషాబాద్ హైదరాబాదుకు దక్షిణాన ఉంది, ఢిల్లీ ఏమో ఉత్తరాన. 2008 మార్చిలో విమానాశ్రయం బేగంపేట నుంచి తరలినప్పుడు ఢిల్లీ ఆకాశమార్గం ఇరవై కిలోమీటర్లకు పైగా పెరిగింది. విమానానికి అది రెండు నిమిషాల పని. సికింద్రాబాదు వాసికి మాత్రం ఢిల్లీ వెళ్ళడానికి ముందు ఢిల్లీకి వ్యతిరేక దిశలో గంటసేపు పోవలసి రావడం!

ముప్పావు గంట లెక్క

గేటు దగ్గర నిలిచిన విమానం చక్రాలు కదలకుండా అడ్డంగా దిమ్మెలు పెడతారు. వాటిని చాక్స్ అంటారు. అవి తీసి విమానం కదిలినప్పటి నుంచి, గమ్యంలో మళ్ళీ అవి పెట్టేదాకా గడిచిన కాలాన్ని విమానరంగంలో బ్లాక్ టైమ్ అంటారు. టికెట్టు మీద కనిపించేది ఇదే. విమానం గాలిలో ఉన్న సమయం ఇందులో ఒక భాగం మాత్రమే.

గేటు వదిలాక ట్రాక్టరు విమానాన్ని వెనక్కి నెట్టాలి, ఇంజిన్లు ఒకదాని తర్వాత ఒకటి మొదలవ్వాలి, ఆపైన రన్‌వే దాకా నేల మీద పాకాలి. రద్దీ వేళల్లో ముందు నాలుగైదు విమానాలు వరుసలో ఉంటే అక్కడే పావుగంట కరిగిపోతుంది. ఢిల్లీలో దిగాక కూడా అంతే. అది విశాలమైన విమానాశ్రయం, నాలుగు రన్‌వేలున్నాయి. దూరపు రన్‌వే మీద దిగితే టెర్మినల్‌కు చేరే దారే ఒక చిన్న ప్రయాణం. కిటికీలోంచి చూసేవారికి విమానం రోడ్డు మార్గాన వెళ్ళిపోతోందేమో అన్న అనుమానం వస్తుంది.

గాలిలో ఉన్న సమయమంతా 830 వేగమే అనుకోవడం రెండో పొరపాటు. సాధారణంగా 10,000 అడుగుల లోపు 250 నాట్లు, అంటే గంటకు 463 కి.మీ. మించకూడదు. విమానం లేచాక 35,000 అడుగుల దాకా ఎక్కడానికి ఇరవై నిమిషాలకు పైగా పడుతుంది. ఈలోగా రెండు వందల కిలోమీటర్లు గడిచిపోతాయి. ఢిల్లీ ఇంకా రెండు వందల కిలోమీటర్లు ఉండగానే మళ్ళీ దిగడం మొదలు. 1,260లో అసలు వేగంతో పోయేది ఎనిమిది తొమ్మిది వందల కిలోమీటర్లే, అంటే గంట సేపు.

అంతగా ఎవరూ పట్టించుకోని సంగతి మరొకటి ఉంది. విమానం ఎదురుగాలిలోకే లేస్తుంది, ఎదురుగాలిలోకే దిగుతుంది. అందుచేత రన్‌వేలను ఆ ఊరి గాలి వాలును బట్టి వేస్తారు. శంషాబాద్ రన్‌వేలు తూర్పు పడమరలుగా ఉన్నాయి, ఢిల్లీవి కూడా ఇంచుమించు అంతే. ప్రయాణమేమో దక్షిణం నుంచి ఉత్తరానికి. ఆ విధంగా ఇక్కడ తూర్పుకో పడమరకో లేచి ఉత్తరానికి తిరగాలి. అక్కడ ఢిల్లీ దాకా వచ్చి, పక్కకు జరిగి, రన్‌వేకు ఎదురుగా మలుపు తీసుకుని దిగాలి. రెండు చివర్లా పడే ఈ మలుపులు దూరాల పట్టికలో ఎక్కడా ఉండవు. ముందున్న విమానాలు దిగేదాకా ఆకాశంలో చుట్లు కొట్టమంటే అది అదనం. డిసెంబరు, జనవరి నెలల్లో ఢిల్లీ పొగమంచు కమ్మిన ఉదయాల గురించి వేరే చెప్పనక్కర్లేదు.

ఇవన్నీ కలిపితే ముప్పావు గంటలో చాలాభాగం తేలిపోతుంది. పూర్తిగా కాదు. మిగిలింది విమాన సంస్థ ముందుజాగ్రత్తగా కలుపుకున్న సమయం.

వేళకు ముందే దిగిన విమానం

అరగంట ఆలస్యంగా కదిలిన విమానం పది నిమిషాలు మాత్రమే ఆలస్యంగా దిగితే పైలట్ వేగం పెంచి లాక్కొచ్చాడని మెచ్చుకుంటాం. ఆ మెప్పు చాలావరకు చెందవలసింది టైమ్‌టేబుల్ వేసినవారికి. విమానం శబ్దవేగంలో 0.78 వంతు వేగంతో పోతోందనుకుందాం. దాన్ని 0.80కి పెంచితే గంటకు ఇరవై కిలోమీటర్ల పైచిలుకు కలుస్తుంది. తొమ్మిది వందల కిలోమీటర్ల పరుగులో దానివల్ల మిగిలేది రెండు నిమిషాల లోపే, దానికోసం కాలేది ఎక్కువ ఇంధనం. ఢిల్లీ మార్గంలో పైలట్ చేతిలో ఉన్నది అంతే.

ఆలస్యం పూడింది ఎక్కువగా టికెట్టు మీద ముందే కలిపి ఉంచిన నిమిషాల వల్ల. విమానయాన రంగం నిర్ణీత సమయానికి 15 నిమిషాల లోపు తేడాను వేళకు నడిచినట్టే లెక్కిస్తుంది. సమయపాలన శాతాలు పత్రికల్లో వస్తాయి, సంస్థలు వాటితో ప్రచారం చేసుకుంటాయి. ఇక ఏ సంస్థైనా బ్లాక్ టైమ్‌ను బిగించి చూపుతుందా? నా దృష్టిలో ఇది మోసం కాదు గానీ, ‘ఇరవై నిమిషాలు ముందే చేరుకున్నాం’ అన్న ప్రకటనకు చప్పట్లు కొట్టవలసిన పని మాత్రం లేదు.

బ్లాక్ టైమ్ మీద ప్రయాణికుడి హక్కు కూడా ఆధారపడి ఉంది. దేశంలో పౌర విమానయానాన్ని నియంత్రించే డీజీసీఏ నియమాల ప్రకారం తగిన ముందస్తు సమాచారం లేకుండా విమానం రద్దుచేస్తే ఇచ్చే పరిహారం దూరాన్ని బట్టి కాక బ్లాక్ టైమ్‌ను బట్టి ఉంటుంది. గంట లోపు ప్రయాణానికి 5,000 రూపాయలు, గంట నుంచి రెండు గంటల దాకా 7,500, రెండు గంటలు దాటితే 10,000. లేదా ఒకవైపు మూల ఛార్జీ, ఇంధన ఛార్జీ కలిపిన మొత్తం, ఈ రెంటిలో ఏది తక్కువైతే అది. వాతావరణం వంటి సంస్థ చేతిలో లేని కారణాలకు ఇది వర్తించదు. ఆలస్యమైనప్పుడు ఫలహారం పెట్టవలసిన బాధ్యత కూడా బ్లాక్ టైమ్‌తోనే ముడిపడింది: రెండున్నర గంటల లోపు ప్రయాణమైతే రెండు గంటల ఆలస్యానికే ఆ హక్కు వస్తుంది. సూటి దూరాన్ని వేగంతో భాగిస్తే గంటన్నర తేలే హైదరాబాదు, ఢిల్లీ ప్రయాణం ఆ ముప్పావు గంట పుణ్యమా అని పదివేల తరగతిలో పడుతుంది.

గాలి వాటం

ఢిల్లీకి పోయినా తిరిగొచ్చినా దాదాపు ఒకే సమయం. దుబాయి సంగతి అలా కాదు. హైదరాబాదు నుంచి దుబాయి సుమారు 2,550 కి.మీ. పోయేటప్పుడు నాలుగు గంటలకు అటూ ఇటూ పడుతుంది, వచ్చేటప్పుడు తరచుగా మూడున్నర లోపే. గల్ఫ్‌కు ఏళ్ళతరబడి తిరిగే కరీంనగర్, నిజామాబాద్, గోదావరి జిల్లాల వారికి ఈ తేడా అనుభవంలో ఉన్నదే.

దీనికి చాలామంది చెప్పే కారణం భూభ్రమణం. భూమి పడమర నుంచి తూర్పుకు తిరుగుతోంది కాబట్టి ఏదో ఒకవైపు కలిసివస్తుందని. ఆలోచించి చూస్తే ఇది నిలవదు. భూమి తిరిగి దుబాయి మన దగ్గరికి వస్తుందంటే పడమరకు పోయే ప్రయాణమే తొందరగా అవ్వాలి, జరిగేది దానికి తలకిందులు. పైగా భూమితో పాటు గాలి కూడా తిరుగుతోంది, ఆ గాలిలోనే విమానం ఉంది. హెలికాప్టరు హుస్సేన్‌సాగర్ మీద గంటసేపు కదలకుండా నిలబడితే దాని కింద హుస్సేన్‌సాగరే ఉంటుంది.

అసలు కారణం జెట్ స్ట్రీమ్. తొమ్మిది నుంచి పన్నెండు కిలోమీటర్ల ఎత్తున, సరిగ్గా విమానాలు పోయే చోట, పడమర నుంచి తూర్పుకు ఉరకలేసే గాలి. చలికాలంలో అది ఉత్తర భారతం మీదుగా సాగుతుంది. భూభ్రమణానికి ఈ గాలి పుట్టుకలో పాత్ర ఉన్నమాట నిజమే, కానీ విమానాన్ని నెట్టేదీ ఆపేదీ గాలే.

పోయేటప్పుడు పోగొట్టుకున్నది వచ్చేటప్పుడు వచ్చేస్తుంది కదా అంటే, రాదు. గంటకు 800 కి.మీ. పోయే విమానం, 1,200 కి.మీ. దూరం, 100 కి.మీ. గాలి తీసుకోండి. ఎదురుగాలిలో 700 వేగంతో గంటా 43 నిమిషాలు, వెనుకగాలితో 900 వేగంతో గంటా 20 నిమిషాలు. రెండూ కలిపి మూడు గంటల మూడు నిమిషాలు. గాలే లేకపోతే మూడు గంటలు. ఎదురుగాలిలో ఎక్కువసేపు ఉంటాం, వెనుకగాలిలో తక్కువసేపు ఉంటాం, అందుకే లెక్క సరిపోదు. ఏటికి ఎదురీది తిరిగొచ్చే పడవకు కూడా ఇదే గతి.

ఢిల్లీ మార్గంలో ఈ గాలి అడ్డంగా తగులుతుంది. అప్పుడు విమానం ముక్కును కాస్త గాలివైపు తిప్పి ఏటవాలుగా పోవాలి. 150 కి.మీ. అడ్డగాలి ఉన్నా 830 వేగం 816కు తగ్గుతుంది, అంతే. పోయేటప్పుడూ అదే నష్టం, వచ్చేటప్పుడూ అదే.

వానాకాలంలో పడమటి జెట్ హిమాలయాలకు ఉత్తరంగా జరిగిపోతుంది. దక్కను మీద ఇంకా పైన, తూర్పు నుంచి పడమరకు వీచే మరో ఉరవడి ఏర్పడుతుంది. ఈ తూర్పు జెట్ గురించి 1958లో ప్రపంచానికి విశదంగా చెప్పినవారు పి. కోటేశ్వరం, తర్వాత భారత వాతావరణ శాఖకు డైరెక్టర్ జనరల్ అయిన శాస్త్రవేత్త. నైరుతి రుతుపవనాల నడకతో దీనికి దగ్గర సంబంధం ఉంది. జూలై, ఆగస్టుల్లో గల్ఫ్‌కు పోయే విమానానికి ఎదురుగాలి బాధ తగ్గడం వెనుక ఉన్నది ఇదే.

పొడుగు దారే దగ్గర దారి

దూరం పెరిగేకొద్దీ పటం మనల్ని మోసం చేయడం మొదలుపెడుతుంది. షికాగో గోడమీది పటంలో మనకు పడమరన ఉంది. అరేబియా, ఐరోపా, అట్లాంటిక్ దాటి పోవాలనిపిస్తుంది. గ్లోబు మీద హైదరాబాదు నుంచి షికాగోకు దారం బిగించి పట్టండి. అది దాదాపు నిట్టనిలువుగా ఉత్తరానికి పోతుంది: ఢిల్లీకి కాస్త పడమరగా, కశ్మీరు, మధ్య ఆసియా, పశ్చిమ సైబీరియా మీదుగా 79 డిగ్రీల ఉత్తర అక్షాంశం దాకా ఎక్కి, అవతలి వైపు కెనడా మీదుగా దిగుతుంది. 13,280 కి.మీ. ఉండే ఈ దారిని గ్రేట్ సర్కిల్ అంటారు. 2021 జనవరిలో ఎయిర్ ఇండియా ఈ రెండు నగరాల మధ్య నేరు విమానం మొదలుపెట్టింది, తర్వాత అది నిలిచిపోయింది.

ఈ అతి దగ్గర దారిలో విమానాలు ఉన్నదున్నట్టు పోవడం అరుదు. ఎందుకో ఢిల్లీ, శాన్‌ఫ్రాన్సిస్కో మార్గం బాగా చెబుతుంది. గ్రేట్ సర్కిల్ దూరం దాదాపు 12,400 కి.మీ. ఎయిర్ ఇండియా మొదట అట్లాంటిక్ మీదుగా నడిపిన దారి 13,900 కి.మీ., పట్టిన సమయం 16 గంటలు. 2016 అక్టోబరులో తూర్పు దిక్కుగా పసిఫిక్ మీదుగా నడిపి చూశారు. దూరం 15,300 కి.మీ.కు పెరిగింది, సమయం పద్నాలుగున్నర గంటలకు తగ్గింది! సగటు వేగం గంటకు సుమారు 870 నుంచి 1,055కు పెరిగినట్టు. ఇంజిన్ మారలేదు. ఒక దారిలో గాలి ఎదురయింది, ఇంకో దారిలో తోడయింది.

మరి 12,400 దారికి అడ్డేమిటి? ఢిల్లీ నుంచి ఉత్తరానికి సూటిగా పోతే హిమాలయాలు, టిబెట్ పీఠభూమి. ఎత్తు సమస్య కాదు, విమానం ఎవరెస్టు కంటే పైనే ఎగురుతుంది. కేబిన్‌లో గాలి పీడనం పోతే మాత్రం పైలట్ వెంటనే 10,000 అడుగులకు దిగాలి. ప్రయాణికుల తలపై నుంచి వేలాడే మాస్కుల్లో ఆక్సిజన్ సాధారణంగా పన్నెండు నుంచి ఇరవై నిమిషాలకే సరిపోతుంది. టిబెట్‌లో నేలే పద్నాలుగు పదిహేను వేల అడుగుల ఎత్తున ఉంటే దిగేదెక్కడ?

కొండలు అడ్డు తగలని చోట సరిహద్దులు తగులుతాయి. 2019 ఫిబ్రవరి చివర్లో పాకిస్థాన్ తన గగనతలాన్ని మూసేసి జూలైలో గాని తెరవలేదు. 2025 ఏప్రిల్‌లో పహల్గాం దాడి తర్వాత భారత విమానాలకు మళ్ళీ దారి మూసింది. ఢిల్లీ నుంచి ఐరోపా, అమెరికా వెళ్ళే విమానాలు అరేబియా సముద్రం మీదుగా చుట్టి పోవలసి వచ్చింది, కొన్ని మధ్యలో ఇంధనం కోసం వియన్నాలో ఆగాయి. అన్నింటికంటే నన్ను ఆశ్చర్యపరిచింది తాష్కెంట్. ఢిల్లీ నుంచి సూటిగా 1,580 కి.మీ., చెన్నై కంటే దగ్గర. అయినా చుట్టుదారి తమ విమానాల సామర్థ్యానికి మించిందని ఇండిగో ఆ ఏప్రిల్‌లో తాష్కెంట్, ఆల్మాటీ సర్వీసులను ఆపేసింది. హైదరాబాదు నుంచి దుబాయికి పోయేవారికి ఈ మూసివేతతో పెద్దగా పని పడలేదు, వారి దారి ఎప్పుడూ సముద్రం మీదుగానే.

గడియారం, గుమ్మం

టికెట్టు మీది వేళలు ఏ ఊరివి ఆ ఊరివే. దుబాయి మనకంటే గంటన్నర వెనుక. ఉదయం 10కి హైదరాబాదులో ఎక్కి నాలుగు గంటలు ప్రయాణిస్తే అక్కడ మధ్యాహ్నం 12.30, చూడటానికి రెండున్నర గంటలే. ఉదయం 10కి దుబాయిలో ఎక్కి మూడున్నర గంటలు ప్రయాణిస్తే ఇక్కడ మధ్యాహ్నం 3, చూడటానికి అయిదు గంటలు. నిజానికి పొడుగైన ప్రయాణం పొట్టిగా, పొట్టిది పొడుగ్గా కనిపిస్తుంది. షికాగో వంటి చోట్ల తేడా శీతకాలంలో పదకొండున్నర గంటలు, వేసవిలో పదిన్నర. టికెట్టు మీద వేరుగా రాసిన ప్రయాణ వ్యవధినే నమ్మాలి.

ఆ వ్యవధి కూడా గేటు నుంచి గేటు దాకానే, ఇంటి నుంచి కాదు. ఢిల్లీ వెళ్ళేవారికి ఇది పెద్ద విషయం కాదు, రైల్లో దాదాపు ఒక రోజు పడుతుంది కాబట్టి విమానం ఎలా చూసినా గెలుస్తుంది. విజయవాడ దగ్గర మాత్రం ఆగి ఆలోచించాలి. శంషాబాద్ నుంచి గన్నవరానికి సూటిగా 265 కి.మీ. లోపు, చిన్న ఏటీఆర్ విమానంలో గంట, గంటంబావు. కూకట్‌పల్లి నుంచి శంషాబాద్ చేరడానికి గంటకు పైన, అక్కడ గంటన్నర ముందు ఉండాలి, దిగి సామాను తీసుకుని గన్నవరం నుంచి విజయవాడలోకి రావడానికి మరో గంట. మొత్తం నాలుగున్నర, అయిదు గంటలు. ఎల్బీనగర్‌లో ఉండేవారు అంతసేపట్లో కారులో సూర్యాపేటలో ఆగి టిఫిన్ తిని, కోదాడ, నందిగామ దాటి బెంజి సర్కిల్‌కు చేరతారు. శంషాబాద్, రాజేంద్రనగర్ వైపు ఉండి గన్నవరం, ఏలూరు దిక్కుకు పోయేవారికైతే విమానం గంటో గంటన్నరో మిగులుస్తుంది. ఆ మార్గంలో టికెట్టు ధర చూసి నిర్ణయించుకోవచ్చు.